సమానత్వం చెడకుండా ఆడవాళ్ల ఓటు ఆపడం ఎలా?

ఈ చిట్కాలు సమానత్వాన్ని బాహాటంగా తిట్టేవాళ్ల కోసం కాదు. వాళ్లకు సలహాలు అక్కర్లేదు, లాఠీ చాలు. ఇవి మనలాంటి మర్యాదస్తుల కోసం. అంటే, మనుషులంతా ఒకటేనన్న మాటను ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, సరిగ్గా దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ల కోసం. ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫ్రేమును ఆడవాళ్లు చదువుతారు. చదివి ఊరుకోరు, "మరి మా సంగతేమిటి?" అంటారు. అప్పుడు పాము చావకూడదు, కర్రా విరగకూడదు.

ఉదాహరణలు ఎక్కువగా హాయిల్ నుంచి ఎంచుకున్నాం. సౌదీ అరేబియా ఉత్తరాన, నఫూద్ ఎడారి అంచున, అజా కొండల పక్కన ఉండే ఊరది. గల్ఫ్ వెళ్లొచ్చిన మనవాళ్లు కొందరికి పని దొరికిన చోటుగా తెలుసు, కథలు చదివినవాళ్లకు దానానికి పేరుపడ్డ హాతింతాయ్ ఊరుగా తెలుసు. హాయిల్ చాలనిచోట మన మదనపల్లె, కాకినాడలను అరువు తెచ్చుకున్నాం.

సూత్రం ఒక్కటే, కంఠస్థం చేయండి: హక్కు మీద చెయ్యి వేయకండి, హక్కు దాకా వెళ్లే దారి మీద వేయండి.

కావలసినవి: ఘనమైన మూలచట్టం ఒకటి, దాన్ని ఎన్నడూ చదవని గుమాస్తాలు ఇద్దరు, పార్టిషన్ చెక్క ఒకటి, "త్వరలో" అని అచ్చుపడే రబ్బరు స్టాంపు ఒకటి, ఓపిక తగినంత.

చిట్కా 1: సమానత్వాన్ని పెద్దక్షరాలతో రాయండి

భయపడి చిన్నక్షరాలతో రాసేవాడు కొత్తవాడు. 1776 మార్చిలో అబిగేల్ ఆడమ్స్ తన భర్తకు ఉత్తరం రాసింది: కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను మరిచిపోవద్దని. ఆ భర్త జాన్ ఆడమ్స్, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. చదివి నవ్వొచ్చిందని జవాబు రాశాడు. జూలైలో మనుషులంతా సమానంగా పుట్టారన్న ప్రకటన వెలువడింది. వరస గమనించండి: ముందు నవ్వు, తర్వాత ప్రకటన. అమెరికా ఆడవాళ్లకు రాజ్యాంగం ఓటు హామీ ఇచ్చింది 1920లో. ఒక్క నవ్వు 144 ఏళ్లు కాపు కాసింది.

రాతలో ఏమరుపాటు పనికిరాదు. అదే 1776లో న్యూజెర్సీ వాళ్లు యాభై పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటన్నారు. "అందరికీ" అంటే అందరికీ అనుకుని, ఆస్తి ఉన్న వితంతువులు, పెళ్లికాని ఆడవాళ్లు వచ్చి ఓట్లేసి వెళ్లారు. దాన్ని సరిదిద్దేసరికి 1807 వచ్చింది.

సౌదీ మూలచట్టం 1992 నాటిది. పాలనకు న్యాయం, సంప్రదింపులు, సమానత్వం పునాదులని, అవి షరియాకు లోబడి ఉంటాయని ఎనిమిదో అధికరణం చెబుతుంది. సమానత్వం ఉందా? ఉంది. ఎవరైనా అడిగితే నంబరుతో సహా చూపించవచ్చు. అక్కడికి మొదటి అంకం పూర్తి.

చిట్కా 2: వద్దనకండి, "ఏర్పాట్లు కాలేదు" అనండి

2005లో సౌదీలో దశాబ్దాల తర్వాత మున్సిపల్ ఎన్నికలు పెట్టారు. మూడు విడతలు. హాయిల్ వంతు మూడో విడతలో, ఏప్రిల్ 21న వచ్చింది. ఎన్నికయ్యేది సగం సీట్లకే, మిగతా సగం నియామకాలు. 21 ఏళ్లు నిండిన మగవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు తప్ప, వెళ్లి ఓటేశారు.

ఆడవాళ్ల సంగతి అడిగితే అధికారులు చెప్పిన కారణం చూడండి, చేతులెత్తి మొక్కాలి. ఆడవాళ్లకు విడిగా నమోదు కేంద్రాలు కావాలి. వాటిలో పనిచేయడానికి ఆడ సిబ్బంది కావాలి. అంతమంది సిబ్బంది లేరు. పైగా ఓటరు చూపించాల్సిన గుర్తింపు కార్డు చాలామంది ఆడవాళ్లకు లేదు. ఎందుకు లేదు? అప్పటిదాకా ఆడమనిషి పేరు తండ్రి కార్డులోనో భర్త కార్డులోనో ఒక వరసగా ఉండేది. ఆమెకంటూ విడిగా కార్డులు ఇవ్వడం 2001లోనే మొదలైంది, మొదట్లో దానికీ ఇంటి మగవాడి అనుమతి కావాలి. ఓటుకు కార్డు, కార్డుకు అనుమతి, కేంద్రానికి సిబ్బంది, సిబ్బందికి బడ్జెట్. ఒక్క తలుపుకూ తాళం వేయలేదు, కానీ ప్రతి తలుపూ ఇంకో తలుపులోకే తెరుచుకుంటుంది. కార్డులు ఇవ్వాల్సింది, కేంద్రాలు తెరవాల్సింది ఏ సర్కారో, అవి లేవని విచారించేది కూడా ఆ సర్కారే.

ఆలస్యం అమృతం విషం అంటారు. మన పనిలో ఆలస్యమే అమృతం. 2009లో జరగాల్సిన రెండో ఎన్నికలు 2011కు జరిగాయి. ఆ వసంతంలో జెద్దాలో, రియాద్‌లో, దమ్మామ్‌లో కొందరు ఆడవాళ్లు నేరుగా నమోదు కేంద్రాలకే వెళ్లి నిలబడ్డారు. వాళ్లను వెనక్కి పంపారు. ఏర్పాట్లు ఇంకా కాలేదు మరి. ఆరేళ్లలో నాలుగు బల్లలు, పది కుర్చీలు సమకూరలేదంటే నమ్మరనుకుంటున్నారా? మొహమాటం లేకుండా చెబితే నమ్ముతారు.

చిట్కా 3: ఆడవాళ్ల చేతే వద్దనిపించండి

ఈ విద్యకు హాయిల్‌లో ఒక గొప్ప పాఠం ఉంది. అది మొదలైంది మాత్రం ఇంగ్లండులో. 1908లో అక్కడ, ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు వద్దంటూ ఆడవాళ్లే ఒక సంఘం పెట్టారు. గౌరవ కార్యదర్శి గెర్ట్రూడ్ బెల్. ఈవిడ ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి 1888లో మొదటి శ్రేణిలో నెగ్గింది. ఆడపిల్లలకు 1920 దాకా ఆ విశ్వవిద్యాలయం పట్టాలివ్వలేదు కాబట్టి పట్టా లేదు. ఆల్ప్స్ శిఖరాలెక్కింది. అరబ్బీ, ఫారసీ నేర్చింది. ఎడారి పటాలు గీసింది. ఇన్ని చేయగల మనిషి, సామ్రాజ్యం నడపడం మగవాళ్ల పని అనే ఆ సంఘంలో చేరింది. ఇంతకన్నా మేలైన సాక్షి మనకు ఎక్కడ దొరుకుతుంది?

అదే బెల్ 1914 ఫిబ్రవరి చివర్లో డమాస్కస్ నుంచి ఒంటెల మీద హాయిల్ చేరింది. అప్పట్లో హాయిల్ రషీద్ వంశపు రాజధాని. కుర్ర అమీర్ దండు తీసుకుని ఎటో వెళ్లాడు, ఊళ్లో లేడు. ఆవిడను ఊరి చివర ఒక విడిదింట్లో దించి మర్యాదలు చేశారు, కాఫీలిచ్చారు, కబుర్లకు తుర్కియా అనే సర్కేసియన్ ఆవిడను పంపారు. బయటకు మాత్రం కదలనివ్వలేదు. దారి ఖర్చులకు ముందే డబ్బు కట్టి, హాయిల్‌లో తీసుకునేలా బెల్ చీటీ రాయించుకుంది. ఆ డబ్బిమ్మంటే అమీర్ రావాలన్నారు. ఇంతకూ ఖజానా తాళం ఎవరి దగ్గరుందని ఆరా తీస్తే తేలింది: అంతఃపురంలో అమీర్ గారి అవ్వ ఫాతిమా దగ్గర.

దృశ్యం ఒకసారి ఊహించుకోండి. పెద్ద రాజ్యవ్యవహారాలు ఆడవాళ్లవి కావని సంఘం నడిపిన కార్యదర్శి, తన డబ్బు తనకు రావడం కోసం ఒక ముసలావిడ దయకు ఎదురుచూస్తూ విడిదింట్లో కూర్చుంది. పది పన్నెండు రోజులకు డబ్బు సంచీ, వెళ్లొచ్చుననే మాటా రెండూ వచ్చాయి. తర్వాతి కాలంలో ఇరాక్‌కు సరిహద్దులు గీయడంలో, రాజును కుదర్చడంలో ఆవిడదీ ఒక చెయ్యి. ఒక దేశానికి రాజును ఎంచవచ్చు, తన ఊరికి ఎంపీని ఎంచడం మాత్రం బరువు.

ఇక అసలు మెలిక. ఆడవాళ్ల సంఘం 1910లో మగవాళ్ల సంఘంతో కలిసిపోయింది. పగ్గాలు ఈజిప్టును ఏలొచ్చిన క్రోమర్ ప్రభువు చేతికి, ఆ తర్వాత మన దేశాన్ని ఏలొచ్చిన కర్జన్ ప్రభువు చేతికి వెళ్లాయి. ఓటు వద్దని చెప్పుకోవడానికైనా ఆడవాళ్లకు మగ అధ్యక్షుడు కావలసివచ్చాడు. మీ ఊళ్లోనూ ఇలాంటి సంఘం పెట్టాలనుకుంటే ముందు ఆడవాళ్లను వేదిక ఎక్కించండి, బ్యాంకు ఖాతా మీ పేరు మీద ఉంచుకోండి.

చిట్కా 4: "సమాజం సిద్ధంగా లేదు" అని సమాజం తరఫున మీరే చెప్పండి

1917 డిసెంబరులో భారత వ్యవహారాల మంత్రి మాంటెగ్యూ మద్రాసుకు వచ్చాడు. హైదరాబాదు ఆవిడ సరోజినీ నాయుడు ముందు నిలబడి ఒక ఆడవాళ్ల బృందాన్ని తీసుకెళ్లింది. ఓటు అడగాలన్న పట్టుదలలో మార్గరెట్ కజిన్స్ హస్తం ఉంది. ఈ ఐరిష్ ఆవిడ కాపురం మన మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలతో ముడిపడింది, అక్కడే 1919లో ఠాగూర్ జనగణమనకు బాణీ కుదరడంలో సాయపడింది కూడా. బృందం అడిగింది కొత్తదేమీ కాదు: మగవాళ్లకిచ్చే షరతుల మీదే మాకూ ఇవ్వండని.

తర్వాత సౌత్‌బరో కమిటీ దేశమంతా తిరిగి, భారతీయ సమాజం ఇంకా ఇందుకు తగిన స్థితిలో లేదని తేల్చింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాక కూడా కమిటీ పెట్టదు, అందుకే దాన్ని కమిటీ అంటారు.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. ఆ తర్వాత లండన్ ఒక పొరపాటు చేసింది: ఈ విషయం రాష్ట్రాల శాసనమండళ్లే చూసుకుంటాయని వదిలేసింది. అవి ఎలాగూ ఒప్పుకోవని ధీమా. 1921లో మద్రాసు మండలి ఒప్పేసుకుంది, బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అందరికన్నా ముందు. అప్పటి మద్రాసంటే మన కోస్తా, రాయలసీమలు కూడా. ఆస్తి, పన్ను షరతుల వల్ల ఓటొచ్చిన ఆడవాళ్లు కొద్దిమందే, కానీ ఆడమనిషి కాబట్టి లేదన్న మాట పోయింది. బ్రిటన్‌లో ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటొచ్చింది 1928లో. సిద్ధంగా లేని సమాజం, సిద్ధంగా లేదని చెప్పినవాళ్లకన్నా ఏడేళ్లు ముందుకొచ్చింది. కాబట్టి నిర్ణయాన్ని కింది మెట్టుకు ఎప్పుడూ వదలకండి.

చిట్కా 5: దానంగా ఇవ్వండి, అది కూడా వచ్చేసారికి

హాతింతాయ్ హాయిల్ ప్రాంతపు తాయ్ తెగవాడు. ఇంటికొచ్చిన అతిథులకు పెట్టడానికి ఏమీ లేకపోతే తన గుర్రాన్నే కోసి వండించాడని కథ. దానంలో ఒక సుఖముంది: పుచ్చుకున్నవాడు దండం పెడతాడు, ఇంకాస్త ఎందుకివ్వలేదని అడగడు. హక్కు అలాంటిది కాదు, పుచ్చుకుని లెక్క చూసుకుంటుంది.

2011 సెప్టెంబరు 25న సౌదీ రాజు అబ్దుల్లా, తనకు సలహాలిచ్చే షూరా మండలిలో మాట్లాడుతూ, ఇకపై ఆడవాళ్లు మున్సిపల్ ఎన్నికల్లో ఓటేయవచ్చు, పోటీ చేయవచ్చు అన్నాడు. అప్పటి ఎన్నికలు సెప్టెంబరు 29న, అంటే నాలుగు రోజుల్లో. కానీ ప్రకటన వర్తించేది ఆ తర్వాతి ఎన్నికలకు. నాలుగు రోజుల దూరంలో ఉన్న పెట్టెను నాలుగేళ్ల దూరానికి జరపడం చిన్న నేర్పు కాదు.

మనవాళ్లు తక్కువ తిన్నారా? చట్టసభల్లో మహిళలకు మూడోవంతు సీట్ల బిల్లు మొదట 1996లో పార్లమెంటుకు వచ్చింది. 2023లో చట్టమైంది, చప్పట్లు మోగాయి. అమలు ఎప్పుడంటే జనాభా లెక్కలయ్యాక, నియోజకవర్గాల పునర్విభజన జరిగాక అని అందులోనే రాసుకున్నారు. ఇచ్చిన పేరు ఈ రోజే వస్తుంది, ఇచ్చే పని వచ్చేవాళ్ల నెత్తిన పడుతుంది.

చిట్కా 6: ఇవ్వక తప్పకపోతే దారి పొడుగు చేయండి

2015 డిసెంబరు 12. సౌదీ ఆడవాళ్లు మొదటిసారి ఓటేసిన రోజు. దానికి ముందు నమోదు ఉంది. ఓటరు తాను ఆ వార్డులోనే ఉంటున్నట్టు కాగితం చూపించాలి. ఇంటి పట్టా నాన్న పేరు మీద, అద్దె ఒప్పందం భర్త పేరు మీద. ఆ ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో పెరిగి, ఆ ఇంట్లోనే వండుతున్న మనిషి, ఆ ఇంట్లో ఉంటున్నానని రుజువు చేసుకోలేక నిలబడుతుంది. కేంద్రం దూరమైతే కారు తోలుకుని వెళ్లడానికి లేదు, ఆడవాళ్ల డ్రైవింగ్ మీద నిషేధం తొలగింది 2018 జూన్ 24న. ఫలితం చూడండి: నమోదైన మగవాళ్లు దాదాపు 13.5 లక్షలు, ఆడవాళ్లు 1.3 లక్షలు.

పోటీకి 978 మంది ఆడవాళ్లు దిగారు. అభ్యర్థి మగ ఓటర్లతో మాట్లాడాలంటే అడ్డంగా పార్టిషన్ ఉండాలి, లేదా ఆమె తరఫున ఒక మగవాడు మాట్లాడాలి. ఫొటోలు ఎవరికీ వద్దన్నారు, మగవాళ్లకు కూడా. అదీ సమానత్వం. చెక్క వెనక నుంచి ఒక గొంతు చెత్తబండి గురించి, పార్కు గురించి, వీధి దీపం గురించి చెబుతుంది; ఇవతల కూర్చున్నవాళ్లు చెక్కను చూస్తూ తలలూపుతారు.

ఇన్ని చేసినా 2,106 సీట్లలో ఇరవై మంది దాకా ఆడవాళ్లు గెలిచారు. మక్కా దగ్గరి మద్రకాలో సల్మా అల్ ఒతైబీ మొదటి పేరుగా వినబడింది. ఒక్క శాతం కూడా కాదని సంబరపడకండి. దారి ఇంత పొడుగు చేస్తే ఒక్కరూ రాకూడదు కదా, వచ్చారంటే చెక్క మందం చాల్లేదన్నమాట. మరుసటి ఏడాది ఆ లోపమూ సరిచేశారు: కౌన్సిల్ సమావేశాల్లో ఆడ సభ్యులు వేరే గదిలో కూర్చుని వీడియోలో పాల్గొనాలని ఆదేశం వచ్చింది.

చిట్కా 7: సీటు ఆమెది, కుర్చీ మీది

ఇది పూర్తిగా స్వదేశీ, ఎగుమతికి అర్హం. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. ఊళ్లో "సర్పంచ్ గారు వస్తున్నారు" అంటే మోటార్ సైకిల్ మీద వచ్చేది భర్త. ఫ్లెక్సీలో పెద్ద బొమ్మ ఆయనది, మూలన పాస్‌పోర్టు సైజులో గెలిచిన మనిషి. గ్రామసభలో తీర్మానాల పుస్తకం ఆమె ముందుకు జరుగుతుంది, ఆయన వేలు పెట్టిన చోట ఆమె సంతకం పెడుతుంది, పుస్తకం తిరిగి ఆయన దగ్గరికే వెళుతుంది. ఎంపీడీఓ కూడా ఫోను ఆయనకే చేస్తాడు.

జాగ్రత్త: చెక్కు మీద మాత్రం ఆమె సంతకం ఉండాల్సిందే. ఏదో ఒకరోజు పెన్ను పట్టుకుని "ఈ బోరు మోటారు బిల్లు మొన్ననే కట్టాం కదా, మళ్లీ ఎందుకు?" అని అడిగితే ఈ చిట్కా అక్కడితో చెల్లదు. చాలా ఊళ్లలో చెల్లడం లేదు కూడా.

మీ సందేహాలు, మా సమాధానాలు

ప్రశ్న: ఆడవాళ్లు తమ పేరు చెప్పుకోవడానికే సిగ్గుపడితే బాగుంటుంది కదా?

జవాబు: బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి సాధారణ ఎన్నికల జాబితాలు తయారుచేసేటప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, లక్షలమంది "ఫలానా వాడి భార్యను", "ఫలానా వాడి తల్లిని" అన్నారే తప్ప సొంత పేరు చెప్పలేదు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి రాతలు ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల మంది జాబితా నుంచి పోయారు. బాధాకరం ఏమిటంటే, తర్వాతిసారి వాళ్లకు పేర్లు గుర్తొచ్చాయి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 2024 జాబితా చూస్తే మగ ఓటర్లకన్నా ఆడ ఓటర్లే ఎక్కువ. మేనిఫెస్టోల్లో ఉచిత బస్సు ముందు పేజీకి ఎందుకొచ్చిందో అర్థమైంది కదా.

ప్రశ్న: చిన్నప్పటి నుంచే ఏ జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు: ఆడపిల్లను గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబెట్టకండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర రాజమండ్రి పిల్ల దుర్గాబాయిని నిలబెట్టారు. టికెట్ లేదని నెహ్రూనే లోపలికి పోనివ్వలేదు. ఆ పిల్లే పెద్దయి రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆ సభలోని పదిహేనుమంది ఆడవాళ్లలో ఒకరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. వయోజనులందరికీ ఓటన్న 326వ అధికరణం ఆ సభలోంచే వచ్చింది. ఒక్క గుమ్మం దగ్గర అలసత్వం ఎంత పని చేసిందో చూడండి.

ప్రశ్న: నేను హాయిల్‌లో పొలం పనిలో ఉన్న తెలుగువాణ్ని. నాకు ఈ చిట్కాలతో ఏం పని?

జవాబు: చదవాల్సిన పని లేదు నాయనా, నువ్వు వాటిలోనే ఉన్నావు. విదేశాల్లో ఉన్న భారతీయుడికి ఓటు హక్కు చట్టప్రకారం ఉంది. ఫారం 6ఏ నింపి సొంతూరి జాబితాలో పేరు ఎక్కించుకోవచ్చు. ఓటు మాత్రం పోలింగ్ రోజున స్వయంగా ఊరొచ్చి వేయాలి. నివాసపత్రం అకామా రెన్యువల్ చూసుకుని, యజమాని దగ్గర ఛుట్టీ అడిగి, రీఎంట్రీ వీసా, టికెట్ ఖర్చు పెట్టుకుని, ఒక వేలికి సిరా పూయించుకుని వెళ్లు. నీ హక్కు మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

చిట్కా 8: పై ఏడూ ఫలించకపోతే

ఇది ఆఖరి అస్త్రం, తిరుగులేనిది. ఓటు అందరికీ ఇచ్చేసి, ఎన్నికలు మానేయండి.

సౌదీలో 2015 తర్వాత మున్సిపల్ ఎన్నికలు మళ్లీ జరగలేదు. ఉన్న కౌన్సిళ్లకే గడువు పొడిగించారు, ఆ పొడిగింపూ ముగిసింది. ఇప్పుడు హాయిల్‌లో మగవాడికి ఎంత ఓటుందో ఆడమనిషికీ సరిగ్గా అంతే ఉంది. పార్టిషన్ అక్కర్లేదు, వేరే గది అక్కర్లేదు, సిబ్బంది కొరత మాటే లేదు.

మనవాళ్లూ నేర్చుకున్నారు. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిశాక దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో నడిచాయి. ఆ రెండేళ్లలో ఏ ఊళ్లోనూ ఏ సర్పంచ్ భార్యా, ఏ సర్పంచ్ భర్తా కుర్చీ కోసం తగువుపడలేదు. సగం సీట్లు ఆడవాళ్లవే, సగం మగవాళ్లవే, కూర్చునేవాళ్లు ఎవరూ లేరు. మూలచట్టం రాసినవాళ్లు కలలు కన్న సమానత్వం ఎవరికీ నొప్పి లేకుండా, రూపాయి ఖర్చు లేకుండా సిద్ధించింది.

ఒక్క హెచ్చరిక. ఈ చిట్కా వాడితే ఇన్నాళ్లూ మీ పక్కనే కుర్చీ వేసుకుని చిట్కాలు విన్న మగవాళ్లు కూడా ఉన్నట్టుండి గోడ మీది ఫ్రేము చదవడం మొదలుపెడతారు. "మరి మా సంగతేమిటి?" అని వాళ్లు అడిగితే, పక్కన ఉన్న ఆడవాళ్లను సలహా అడగమనండి. అలా అడగడంలో అనుభవం వాళ్లకే ఎక్కువ.